పాసు మీద వచ్చిన బొమ్మ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్లో జ్యోతిర్మయి అని ఒక పిల్ల ఉంది. రైలింజన్ల బొమ్మలు గీసి అమ్ముతుంది. కాగితం మీద కాదు, కంప్యూటర్‌కి తగిలించిన నల్లటి పలక మీద, ప్లాస్టిక్ కలంతో. ఆ బొమ్మలు డబ్బిచ్చి కొనేవాళ్లు ఉన్నారంటే మొదట నేను నమ్మలేదు. మా ఆయన ఏళ్ల తరబడి బొగ్గు బండ్లు నడుపుతున్నారు. ఇంజనంటే మా ఇంట్లో గ్రీజు మరకలు, వేళ తప్పిన భోజనాలు, పండగ పూట డ్యూటీలు. దాన్ని ముచ్చటపడి గోడకి తగిలించుకునే మనుషులు ఉంటారని ఎలా నమ్మను?

ఉన్నారు. వాళ్లని రైల్‌ఫ్యాన్లు అంటారట. ఆదివారం వస్తే చాలు, ఉస్లాపూర్ గేటు దగ్గర ఎండలో నిలబడి పోయే బండికీ వచ్చే బండికీ ఫొటోలు తీస్తారు. వాళ్లకి ఇంజనంటే ఏదో ఒక ఇంజను కాదు. ఫలానా నెంబరుదే కావాలి. దాని ముక్కు మీద ఎడమవైపు సొట్ట ఉంటే బొమ్మలోనూ ఆ సొట్ట ఉండాలి. జ్యోతిర్మయి గొప్పతనం అక్కడే. ఆ సొట్ట ఎంత లోతో, దాని కింద రంగు ఎలా లేచిపోయిందో చూసి మరీ గీస్తుంది. ఒక్కో ఇంజనుకి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పిలిచినా పలకదు.

మొదటి బొమ్మ మూడు వందలకి ఇచ్చింది. మూడు వందలే ఎందుకని అడిగితే, "నాలుగొందలు అడగాలంటే శరమ్‌గా, సిగ్గుగా అనిపించింది ఆంటీ" అంది. తర్వాత ఇలాంటి బొమ్మలే గీసేవాళ్ల గ్రూపులో ఎవరో బుద్ధి చెప్పారు. ఎన్ని గంటలు పట్టిందో చూసుకుని, నీ గంట విలువ ఎంతో దాంతో లెక్కకట్టమన్నారు. ఇంట్లో ఆ మాట ఎత్తింది. వాళ్ల మామ్మ బుజ్జమ్మగారు వింటూనే మండిపడింది. "గంటలెక్కన కూలోళ్లకి ఇస్తారే గుంటా. నీకేటి ఖర్మ? బొమ్మ ఎంతుంటే అంత అడుగు, పెద్దదైతే పెద్ద డబ్బు" అని తేల్చేసింది.

కిందా మీదా పడి రెండున్నర వేల దగ్గర ఆగింది ఆ పిల్ల. ఆగింది తనే, కొనేవాళ్ల బేరాలు ఆగలేదు. ఈ అభిరుచి ఉన్న మనుషుల తీరు నాకు ఇప్పటికీ అంతుపట్టదు. రాయ్‌పూర్‌ నుంచి మనీష్ అని ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు కారేసుకుని వచ్చాడు. మెడలో కెమెరా, దానికి చేయంత పొడుగు లెన్సు. అది లక్షన్నర అని అడక్కుండానే చెప్పాడు. ఆ నోటితోనే, "దీదీ, రెండున్నర వేలు జ్యాదా నహీ హై? పన్నెండొందలకి అడ్జస్ట్ కర్ దో" అన్నాడు. లెన్సు కొట్లో అడ్జస్ట్ చేయమని అడిగావా నాయనా అని నేను అందామనుకునేలోపు జ్యోతిర్మయి వాళ్లమ్మ నాకు టీ ఇచ్చింది.

ఇంకొకాయన చక్రాలు కాస్త నల్లగా చేయమన్నాడు. చేసింది. వాన పడుతున్నట్టు పెట్టమన్నాడు. పెట్టింది. వెనకాల ఒక్క పెట్టె తగిలించమన్నాడు, ఒక్కటే కదా అన్నాడు. పెట్టె తగిలించాక వాన తీసేయమన్నాడు. మరో మహానుభావుడు, ఇప్పుడు ఫోన్లో మాట చెబితే బొమ్మ దానంతటదే ఊరికే వస్తోంది, నీకెందుకివ్వాలని వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఆ ఊరికే వచ్చిన బొమ్మలో ఇంజనుకి ముందొక చక్రం తక్కువైంది, పైనొక కొమ్ము ఎక్కువైంది. దాన్ని సరిచేసి పెట్టు, సగం ధర ఇస్తానన్నాడు. ఇలాంటివాళ్లందరితోనూ ఆ పిల్ల జీ, జీ అంటూనే మాట్లాడేది. నాకైతే ఒళ్లు మండేది.

అప్పుడు రంగంలోకి దిగారు వాళ్ల నాన్న తిరుమలరావుగారు. ఆయనది రిజర్వేషన్ కౌంటర్ల దగ్గర ఉద్యోగం. క్లర్కుగా చేరి సూపర్‌వైజరయ్యారు, ఈ ఏడు రిటైరు కావాలి. రిటైరయితే క్వార్టరు ఖాళీ చేయాలి కాబట్టి ఊళ్లోనే కుదుదండ్‌లో ఒక అద్దె ఇల్లు చూసిపెట్టుకున్నారు. కూతురికి మాత్రం ఒక షరతు పెట్టారు. "నేను దిగిపోయే నాటికి ఆ ఇంటి అద్దె నీ బొమ్మలు కట్టగలిగితే సరే. లేదంటే రైల్వే పరీక్షకి కూకోవాలి. కోచింగులో చేరాలి. మరి మాటెత్తకూడదు." జ్యోతిర్మయి ఒప్పుకుంది. ఆ పిల్లకి పరీక్షంటే భయం లేదు. పరీక్ష నెగ్గితే జీవితాంతం ఏ కౌంటర్లోనో కూర్చోవాలన్నదే భయం. కూర్చుంటే ఇక గీయనని తనకి తెలుసు. ఆ మాట నాతో అన్నప్పుడు ఏడుపు ఆపుకుంది.

షరతు పెట్టిన మనిషి ఊరుకోవచ్చు కదా? లేదు, కూతురు నెగ్గాలని ఆయనకీ ఉంది. అందుకని ధర సంగతి తన చేతిలోకి తీసుకున్నారు. "చూడమ్మా, ధరంటే నోటిమాట కాదు. ఓ క్లాసుండాలి, ఓ కోటా ఉండాలి, ఓ రూలుండాలి. ప్యాసింజరొచ్చి తగ్గించమంటే మేం తగ్గిస్తామేటి? రేటు ఇదీ అని చూపిస్తాం, అంతే" అని ఒక ఆదివారమంతా కూర్చుని రేట్ల పట్టిక తయారుచేశారు. ఫోన్లో పెట్టుకునే చిన్న బొమ్మ జనరల్. గోడకి తగిలించేది స్లీపర్. వెనకాల స్టేషనూ కొండలూ ఉంటే ఏసీ. ఒక్క రోజులో కావాలంటే తత్కాల్, దానికి అదనం. ఆర్డరిచ్చి వద్దంటే క్యాన్సలేషన్ చార్జి. మార్పులు ఒక్కసారే, రెండోసారి నుంచి డబ్బు.

ఉన్నమాట చెప్పాలి, మొదట్లో అది బాగా పనిచేసింది. రైలు పిచ్చివాళ్లకి రైల్వే భాషలో ధర చెబితే నోరు మూతపడింది. తత్కాల్ అనగానే కిక్కురుమనకుండా కట్టారు. వాన పెట్టి వాన తీయించినాయన కూడా దారికొచ్చాడు. ఆ నెల జ్యోతిర్మయి మొహం చూడాలి. కుదుదండ్ ఇంటి కిటికీలకి ఏ రంగు తెరలు కట్టాలో నన్నడిగింది. నేను ఆకుపచ్చ అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. కానీ రైల్వే అన్నాక రాయితీలు లేకుండా ఎలా? తిరుమలరావుగారు ఒక్కొక్కటే తగిలించడం మొదలుపెట్టారు. విద్యార్థులకి తగ్గింపు. జట్టుగా వస్తే తగ్గింపు. వృద్ధుల రాయితీని రైల్వే కరోనా నాడే ఎత్తేస్తే ఈయన తన ఇంట్లో మళ్లీ పెట్టారు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్లొచ్చి డబ్బు చాలదంటే ఆర్‌ఏసీ ఇచ్చారు. అంటే రైల్లో ఒకే బెర్తు మీద ఇద్దరిని కూర్చోబెట్టినట్టు, ఒకే బొమ్మ ఇద్దరికీ, చెరి సగం ధర.

"నాన్నా, ఇది ఫైలు. ఇద్దరి ఫోన్లలోనూ పూరా బొమ్మే ఉంటుంది. సగం సగం కూచోరు" అని ఆ పిల్ల మొత్తుకుంది.

"సర్దుకుంటారులే అమ్మా, కుర్రోళ్లు" అన్నారాయన.

అన్నిటికన్నా పెద్దది పాసు. రైల్వేవాళ్లకి బండిలో పాసున్నప్పుడు, రైల్వేవాడి కూతురు గీసిన బొమ్మకి పాసు ఎందుకుండదు? ఇదీ ఆయన వాదం. పనిచేసేవాళ్లకి పాసు, రిటైరైనవాళ్లకి పాసు, వాళ్ల ఇంటిల్లిపాదికీ పాసు. ఈ బిలాస్‌పూర్‌లో రాయి విసిరితే రైల్వేవాడికి తగులుతుంది, గురి తప్పితే వాడి బావమరిదికి తగులుతుంది. గుర్తింపు కార్డు చూపించినవాళ్లందరికీ బొమ్మ ఊరికే ఇచ్చేయమన్నారు. కార్డు మాత్రం చూపించాలి. ఆ విషయంలో మహా కచ్చితం.

ఒక్కసారిగా కాలనీ అంతటికీ కళాపోసన పుట్టుకొచ్చింది. అంతవరకూ ఇంజను వంక కన్నెత్తి చూడని పార్సెలాఫీసువాళ్లు కూడా బొమ్మలకి ఎగబడ్డారు. రిటైరైన డ్రైవరు కామేశ్వరరావుగారు తాను నడిపిన ఇంజన్లన్నీ వరసగా గీయమన్నారు. ఒక్కో ఇంజను దగ్గరా కూర్చుని, "ఇంకా కొంచెం కోపంగా ఉండేదమ్మా అది" అని దిద్దించారు. మనీష్ రెండోసారి వస్తే టీ తాగిస్తూ ఆరా తీశారు తిరుమలరావుగారు. వాళ్ల తాత నాగపూర్‌లో గార్డుగా చేసేవాడని తేలింది. "అదేటి, మనోడే!" అని మురిసిపోయి, మనవడు పాసులో రాడు కాబట్టి సగం చార్జీ అన్నారు. లెన్సు లక్షన్నర పెట్టి కొన్న కుర్రాడికి సగం చార్జీ!

మా ఆయనా ఒకటి గీయించుకున్నారు. నేను పేచీ పెట్టాను. "తిరుమలరావే ఇస్తానన్నాడు, నేనడిగేనేటి?" అన్నారు. నేనే డబ్బు పట్టుకుని వెళ్లాను. తిరుమలరావుగారు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నారు. "తప్పు చెల్లెమ్మా. పాసున్న మనిషి దగ్గర చార్జీ తీసుకుంటే మా డిపార్టుమెంటులో నేరం" అన్నారు. నవ్వుతారేమోనని మొహం చూశాను. నవ్వలేదు.

ఆయన చెడ్డవాడని నేననను. కౌంటర్లో కూర్చున్నంత కాలం ఊరంతా ఆయన్ని బెర్తులడిగేది. పెళ్లిళ్లవాళ్లు, ఆస్పత్రులకెళ్లేవాళ్లు, చుట్టాలు. బెర్తులన్నీ కంప్యూటరే పంచుతోంది, క్లర్కు చేతిలో ఏముంది? లేదని చెప్పడమే ఆయన ఉద్యోగమైంది. అలాంటి మనిషి చేతికి, దిగిపోయే ముందు, పంచిపెట్టడానికి ఏదో ఒకటి వచ్చింది. ఎవరడిగినా ఉందని చెబుతున్నారు. అది తన వస్తువు కాదని, కూతురి రోజులని ఆయనకి తట్టలేదు. ఆ పిల్లా చెప్పలేదు. ఒకసారి నేను గట్టిగా నిలదీస్తే, "ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నాన్న మొహం చూశారా ఆంటీ? అంత ఖుషీగా ఎప్పుడూ లేరు" అంది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

రిటైర్మెంటు నెల వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. జ్యోతిర్మయికి చేతినిండా పని, గీసినవన్నీ కాలనీవాళ్ల గోడల మీద, చేతిలో కోచింగ్ సెంటరువాళ్ల కాగితం. అప్పుడు మనీష్ ఫోన్ చేశాడు. వాళ్ల రైల్‌ఫ్యాన్ల క్లబ్బుకి క్యాలెండరు కావాలి, పన్నెండు నెలలకి పన్నెండు ఇంజన్లు, పూర్తి ధర ఇస్తాం, నెలలో కావాలి అన్నాడు. ఈసారి బేరమే ఆడలేదు. డబ్బు క్లబ్బుది కదా, సొంత జేబు కానప్పుడు ఎవరైనా ఉదారులే. అది చేస్తే కుదుదండ్ ఇంటికి ఏడాది అద్దె కళ్లముందు ఉన్నట్టే. షరతు నెగ్గినట్టే.

అదే వారం తిరుమలరావుగారి కింద పనిచేసే జయప్రకాష్ వచ్చాడు. సారుకి వీడ్కోలు సభలో స్టాఫందరి తరఫునా ఒక పెద్ద బొమ్మ ఇవ్వాలి, ఇంజను కాదు, సారు బొమ్మే, కౌంటర్లో కూర్చున్నట్టు, ఆయనకి తెలియకూడదు అన్నాడు. అంటూనే గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే నెలలో అయ్యే పని కాదు. జ్యోతిర్మయి మనీష్‌కి కుదరదని చెప్పేసింది.

నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. తిట్టాను. "పిచ్చిదానివా? ఒక్క క్యాలెండరుతో నీ బతుకు నీ చేతికొచ్చేది" అన్నాను.

"నాన్న బొమ్మ ఇంకెవరి చేతో గీయిస్తే ఎలా ఆంటీ?" అంది. పలక వైపు తిరిగి కలం అందుకుంది.

వీడ్కోలు సభకి కుటుంబాలతో రమ్మన్నారు కాబట్టి మేమూ వెళ్లాం. హాలు నిండా జనం. దండలు, శాలువా, సూట్‌కేసు, చందా డబ్బుల కవరు, కచోరీలు. వేదిక మీద తిరుమలరావుగారు పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చున్నారు. ఉపన్యాసాలయ్యాక జయప్రకాష్ బొమ్మ మీద గుడ్డ లాగాడు. నేను చాలా బొమ్మలు చూశాను గానీ అలాంటిది చూడలేదు. కౌంటరు అద్దం, అద్దంలో మాటలు పోవడానికి చిన్న కన్నం, దాని వెనక తిరుమలరావుగారు. క్యూలో నిలబడ్డవాళ్లకి కనిపించేలాగే ఉన్నారు. ఎవరికో బెర్తు లేదని చెప్పబోతూ, ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఒక్క క్షణం ఆగిన మొహం. బుజ్జమ్మగారు "ఓలమ్మో, నా కొడుకే" అని పైకే ఏడ్చేసింది.

జయప్రకాష్ మైకు పట్టుకున్నాడు. "స్టాఫంతా చందాలేసుకున్నాం సార్. ఫ్రేము గోల్ బజార్లో చేయించేం, సాగ్వాన్ టేకు కర్ర, దానికే మూడు వేలు దాటింది. అద్దానికి వేరే. మోసుకొచ్చిన ఆటోవాడు మూడొందలు గుంజేడు. బొమ్మకి మాత్రం పైసా ఖర్చు లేదు సార్! మీ దయ, పాసు మీద వచ్చీసింది!" హాలంతా నవ్వింది. చప్పట్లు కొట్టారు. జయప్రకాష్ మనసులో ఏ కల్మషమూ లేదు. సారు పెట్టిన రూలు సారుకే గుర్తుచేసి సంతోషపెట్టానని అనుకున్నాడు.

తిరుమలరావుగారు నవ్వలేదు. లేచి బొమ్మ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. తర్వాత మైకు తీసుకున్నారు, ఉపన్యాసం ఇస్తారనుకున్నాం. ఆయన మూడో వరసలో ఉన్న కూతుర్ని చూశారు.

"ఇది గియ్యడానికి ఎన్నాళ్లు పట్టిందమ్మా?"

"నెల, నాన్నా." కూర్చునే చెప్పింది.

"ఈ నెల్లో మరింకేటి గీసేవు?"

"ఏం లేదు. మనీష్ క్లబ్ క్యాలెండర్ ఇస్తానన్నాడు. ఛోడ్ దియా, వద్దన్నాను."

"పూర్తి రేటుకా?"

"పూర్తి రేటుకే."

 హాల్లో కచోరీలు తినేవాళ్లు తినడం ఆపారు. తిరుమలరావుగారు మైకు కిందికి దించారు గానీ మాట వినిపిస్తూనే ఉంది. "ఫ్రేమోడికిచ్చేరు. అద్దమోడికిచ్చేరు. ఆటోవోడికీ ఇచ్చేరు" అన్నారు, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత మళ్లీ మైకెత్తారు. "ఈ బొమ్మలో కూకున్నోణ్ని నేను. టికెట్ లేకుండా కూకున్నాను. టికెట్ లేని ప్యాసింజరుకి ఏటి చెయ్యాలో ఇక్కడున్నోళ్లందరికీ తెలుసు. చార్జీ ఎంతమ్మా?"

కొందరు నవ్వబోయారు, ఆయన మొహం చూసి మానేశారు. జ్యోతిర్మయి లేచి నిలబడింది. ఆ పిల్ల ధర చెప్పేటప్పుడు గొంతు సన్నబడటం నాకు తెలుసు. ఆ రోజు సన్నబడలేదు. "మనిషి ఉన్నాడు, వెనకాల మొత్తం ఆఫీసు ఉంది. తొమ్మిది వేలు నాన్నా."

"పెనాల్టీ?"

"అంతకంత. మీ రైల్వే రూలే."

సభలో ఇచ్చిన చందా కవరు ఆయన జేబులోనే ఉంది. అందులోంచి తీసి, చాలకపోతే సొంత పర్సులోంచి కలిపి, వేదిక దిగి వచ్చి కూతురి ముందు చెయ్యి చాపారు. అందరం ఒకటే అనుకున్నాం. ఇప్పుడీ పిల్ల, అయ్యో వద్దు నాన్నా అంటుంది, ఆయన తల నిమురుతారు, మనం చప్పట్లు కొట్టి ఇంటికెళ్లొచ్చు. జయప్రకాష్ చేతులు సిద్ధంగా కూడా పెట్టుకున్నాడు. జ్యోతిర్మయి డబ్బు తీసుకుంది. బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసింది. "ఫైల్ మెయిల్ చేస్తాను నాన్నా" అంది. కొనేవాళ్లందరితోనూ అదే అంటుంది.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. వెనక వరసలో ఎవరో, కన్నతండ్రి దగ్గరే ఇలాగా అన్నారు. అన్నవాళ్లింట్లో నాలుగు ఇంజన్లు గోడెక్కి ఉన్నాయి, ఊరికే వచ్చినవి. నేను వెనక్కి తిరిగి గట్టిగానే గుర్తుచేశాను. మా ఆయన నా మోచెయ్యి గిల్లారు. నిజం చెబుతున్నాను, ఆ పిల్ల డబ్బు తీసుకోకపోయుంటే నేనే కొట్టేదాన్ని.

ఇంటికొచ్చేటప్పుడు తిరుమలరావుగారు ఫ్రేముని ఆటో వెనక పెట్టనివ్వలేదు, కాళ్ల మీద పెట్టుకు కూర్చున్నారు. మేమూ అదే ఆటోలో ఇరుక్కున్నాం. బుజ్జమ్మగారు శాలువా కప్పుకుని కునికిపాట్లు పడుతోంది. సగం దారి దాటింది.

"ఆ పరీక్షకి ఫీజు కట్టీసేవా?" అన్నారు తిరుమలరావుగారు.

"లేదు నాన్నా. రేపు ఆఖరు."

"కట్టకు."

"మరి అద్దె? షరతు నేను నెగ్గలేదు కదా."

"నిన్ను నెగ్గనిచ్చేనేటి నేను?" అన్నారాయన. ఫ్రేము అంచు పట్టుకుని, రోడ్డు వంక చూస్తూ అన్నారు. "అద్దె నా పెన్షన్లోంచి ఇచ్చీస్తాను. నువ్వు మాత్రం ఎవరికీ ఊరికే గియ్యకమ్మా. నాక్కూడా."

సభలో అంతమంది ముందు చెక్కుచెదరకుండా నిలబడ్డ పిల్ల అప్పుడు ఏడ్చింది. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటిదాకా ఏడుస్తూనే ఉంది. ఆయన ఊరుకోమని అనలేదు.